హాల్వర్ చివరి అయిదు

విలో బెండ్, మోంటానా
ఏప్రిల్ 1994

ఎయినార్‌కు, మీ వదిన సిగ్రిడ్ రాసేది.

నీ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి? ఇక్కడ మంచు కరిగి దారులన్నీ బురద. మీ అన్న హాల్వర్‌ను పూడ్చిన చోట మట్టి ఇంకా కుంగుతూనే ఉంది. సొంత అన్న పోతే నువ్వు రాలేదన్న మాట ఇక ఎత్తకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మొదటి ఉత్తరంలోనే ఎత్తేశాను చూశావా! ఫిబ్రవరి చలిలో ప్రయాణం వద్దని డాక్టరు అన్నాడన్నావు, నమ్మాను. నమ్మినంత మాత్రాన నొప్పి పోదు కదా.

అసలు సంగతికి వస్తాను. రైఫిల్ క్లబ్బు తరఫున నిన్న డెల్మర్ వచ్చాడు. నేను చేసిన ఆపిల్ పై సగం తిని, కాఫీ రెండు కప్పులు తాగి, అప్పుడు నోరు విప్పాడు.

"సిగ్రిడ్, సెప్టెంబరు మొదటి ఆదివారం హాల్వర్ సరుకు కాల్చెయ్యాలి. మన ఆనవాయితీ నీకు తెలిసిందేగా."

తెలియకేం? క్లబ్బులో ఎవరు పోయినా అతని దగ్గర మిగిలిన పాత మిలిటరీ తూటాలు అమ్మరు, పంచుకోరు. అందరూ కలిసి ఒకే రోజు కాల్చి ఖాళీ చేస్తారు. చివరి అయిదు మాత్రం పోయినవాడి రైఫిల్‌లోనే పెట్టి, అతని రక్తసంబంధీకుడు కాల్చాలి. ఎవరూ రాకపోతే ఆ అయిదూ కాల్చకుండా వాగులో పారేస్తారు. ముసలి టోర్వాల్డ్ తూటాలు వాగులో పడి ఎన్నేళ్ళయింది? "పాపం, ఒక్కడూ రాలేదు" అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు.

"నేను కాలుస్తాను" అన్నాను.

"పెళ్ళాం రక్తం కాదు కదమ్మా" అన్నాడు, మూడో ముక్క అందుకుంటూ.

నలభై ఏళ్ళు ఆయన సాక్సులు ఉతికినదాన్ని, రక్తం కాదట. మాకు పిల్లలు లేరు. మిగిలింది నువ్వే. హాల్వర్ తూటాలు వాగులో పడితే నేనీ ఊళ్ళో తలెత్తుకోలేను ఎయినార్.

ఇంకో చిక్కుంది. నేలమాళిగలో నీళ్ళు వచ్చిన సంవత్సరం తూటాల అట్టపెట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. మీ అన్న చక్కగా తూటాలన్నీ తీసి కాఫీ డబ్బాల్లో పోసి పెట్టాడు, ఏ దేశానివి ఏ డబ్బాలో ఉన్నాయో ఒక్క ముక్క రాసుకోకుండా. అడుగున గుర్తు చూసి ఏ దేశం, ఏ ఏడు, ఎలాంటి మందు అని చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. బొమ్మలు గీసి పంపుతున్నాను. చూసి ఏవి కాల్చవచ్చో చెప్పు. సెప్టెంబరుకు రా.

సిగ్రిడ్

*

యూమా, అరిజోనా
మే 1994

వదినకు,

ఎప్పటిలాగే టైపు చేస్తున్నాను, ఏమీ అనుకోకు. రైల్వేలో నలభై ఏళ్ళు తంతి కొట్టినవాడి చేతిరాత కోడి గీకినట్టు ఉంటుందని నువ్వే అనేదానివి.

నీ బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. కానీ అంత కష్టపడకు. తూటా అడుగును గడియారం అనుకో. పన్నెండు దగ్గర ఏముంది, మూడు దగ్గర ఏముంది, ఆరు దగ్గర ఏముంది, మాటల్లో రాయి. అన్నా, నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే చెప్పుకునేవాళ్ళం.

నెలవంక, నక్షత్రం ఉందని రాశావే, అది తుర్కీ సరుకు. పెద్ద యుద్ధం నాటిది. గాడిదలా తంతుంది, భుజం జాగ్రత్త. ఇత్తడి గుల్ల మెడ దగ్గర సన్నగా చీలిక కనిపిస్తే పక్కన పారెయ్యి. చీలిక లేనివి మంచివే. అయితే వాటిది ముసలి బుద్ధి, పిలవగానే పలకవు. ట్రిగ్గర్ నొక్కాక టక్కుమని ఊరుకుంటే తుపాకీ దించకు, తూటా పెట్టే బోల్టు తెరవకు. గొట్టం ఎదురుగానే పెట్టి ఆగు. ఒక్కోసారి ఆలస్యంగా పేలుతుంది. తొందరపడ్డవాళ్ళ వేళ్ళు ఎన్ని పోయాయో డెల్మర్‌ని అడుగు.

కాల్చిన రోజే గొట్టంలోంచి మరిగే నీళ్ళు పొయ్యాలి. ఆ పాత మందులో ఉప్పుంటుంది, తెల్లారేసరికి తుప్పు పట్టిస్తుంది.

సెప్టెంబరు సంగతి అప్పుడు చూద్దాం. డాక్టరు ఏమంటాడో.

ఎయినార్

*

విలో బెండ్
జూన్ 1994

ఎయినార్,

మరిగే నీళ్ళ సంగతి నాకు చెబుతున్నావా! పెళ్ళయిన మొదటి వారమే మీ అన్న నా జామ్ పోసే గరాటు తీసి తుపాకీ గొట్టంలో పెట్టాడు. ఆ గరాటు మళ్ళీ జామ్ ముఖం చూడలేదు. ఇప్పుడు నేనే కెటిల్ పెట్టి, అదే గరాటుతో పోస్తున్నాను. ఆ వాసన వంటింట్లో నిండితే ఆయన పక్కగదిలో ఉన్నట్టే ఉంటుంది. ఏడుపు వస్తుంది. పోస్తూనే ఏడుస్తాను.

అవును, కాల్చడం నేర్చుకుంటున్నాను. రక్తం కాకపోతేనేం, మిగతా సరుకు కాల్చే హక్కు అందరికీ ఉందిగా. తుర్కీవి నిజంగానే తంతున్నాయి. చర్చిలో ఎవరో భుజం తట్టి పలకరిస్తే కెవ్వుమన్నాను.

నువ్వు చెప్పినట్టు గడియారం లెక్కన నాలుగు రకాలు రాశాను, వెనక పేజీ చూడు. అయిదో రకానికి ఓపిక అయిపోయింది. అడుగున నక్షత్రం, యాభైల నాటి అంకెలు ఉన్నాయి, అంతే. మిగతాదంతా బొమ్మలో రంగు పెన్సిళ్ళతో వేశాను. స్కూల్లో కూడా ఇంత శ్రద్ధగా వెయ్యలేదు, కాస్త మెచ్చుకో.

డాక్టరు ఏమన్నాడు? బస్సు టిక్కెట్టు నేను పంపనా?

సిగ్రిడ్

*

యూమా
జూలై 1994

వదినకు,

బొమ్మ బ్రహ్మాండంగా ఉంది. మొదటి నాలుగూ మంచివే. అయిదోది యుగోస్లావ్ సరుకు, మామూలు తూటా. మన దగ్గరికి వచ్చినవాటిలో అంత నమ్మకమైనది లేదు. కళ్ళు మూసుకుని కాల్చు.

బస్సులో రెండు రోజులు కూర్చోవడం కష్టం. వేడి కూడా ఎక్కువగా ఉంది. టిక్కెట్టు పంపకు.

ఎయినార్

*

విలో బెండ్
ఆగస్టు 1994

ఎయినార్,

కళ్ళు మూసుకుని కాల్చమన్నావు. కాల్చాను. డెల్మర్ పొలం పక్క గట్టు తగలబడింది.

గుండు ఎర్రగా గీత గీసుకుంటూ వెళ్ళి ఎండుగడ్డిలో పడింది. ఒక్క క్షణం అందంగానే ఉంది, నిజం చెప్పాలంటే. తర్వాత పొగ. నేను గోనెసంచి తడిపి కొట్టాను. డెల్మర్ ట్రాక్టరుతో నేల దున్ని మంటకు అడ్డం వేశాడు. గాలి అటు తిరిగింది కాబట్టి సరిపోయింది. ఇటు తిరిగి ఉంటే కోతకొచ్చిన గోధుమ అంతా బూడిదే. నా కనుబొమలు కాలాయి. పెన్సిలుతో గీసుకుని తిరుగుతున్నాను, ఊరంతా నవ్వుతోంది.

డెల్మర్ డబ్బాలోంచి ఒక తూటా తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు.

"మొన మీద ఈ ఆకుపచ్చ రంగు కనబడలేదా? ఇది దారి చూపించే నిప్పు తూటా. ఆగస్టులో దీన్ని కాల్చమన్న వెధవ ఎవడు?"

నేనేం చెప్పను? మా మరిది అని చెప్పాను. అతను నమ్మలేదు. "ఎయినార్ అలా అనడు. వాడు పదేళ్ళప్పుడే రంగులన్నీ అప్పచెప్పేవాడు" అన్నాడు.

ఆ ఆకుపచ్చ నేను బొమ్మలో వేశాను. గీత దాటకుండా వేశాను. నువ్వు బ్రహ్మాండం అన్నావు. చూశావా అసలు? చూడకుండా ఏదో ఒకటి రాసి పారేశావా? అన్న అంత్యక్రియలకు రాలేదు. అన్న తూటాలకు రావు. అన్న పెళ్ళాం కాలిపోయినా నీకు పట్టదా? ఇంత కటువుగా రాయకూడదు. అయినా ఈ కాగితం చింపను, ఇలాగే పంపుతాను.

సిగ్రిడ్

*

యూమా
ఆగస్టు 1994

వదినకు,

నువ్వు తిట్టింది తక్కువే. నీకు ఏమైనా అయి ఉంటే నేను బతికి ఉండేవాణ్ణి కాదు. డెల్మర్‌కి నా క్షమాపణ చెప్పు. ఇకమీదట తూటాల సంగతి నన్ను అడగకు. మతి తప్పిన ముసలివాణ్ణి అనుకో.

హెచ హుబ ఠఃవి ఒఃబచే చోటి అషఠౌ ధాల్లణీబి షబేచో

సెప్టెంబరుకు నేను రాను. అయిదూ వాగులో వెయ్యమను. అన్న నన్ను క్షమిస్తాడు. నువ్వు క్షమించనక్కర్లేదు.

ఎయినార్

*

విలో బెండ్
ఆగస్టు 1994

ఈ ఉత్తరం చదివి వినిపిస్తున్న వారికి,

అమ్మా, లేక అయ్యా, మీరెవరో నాకు తెలియదు. మా ఎయినార్ పక్కన మీరున్నారని మాత్రం తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టి, పారిపోకుండా తలుపు వేసి, గట్టిగా చదవండి. ఒక్క మాట కూడా వదలకండి.

ఎయినార్, పెళ్ళికి ముందు నేను ధాన్యం డిపోలో టైపిస్టునని మర్చిపోయినట్టున్నావు. నీ ఉత్తరం మధ్యలో ఒక వరుస పిచ్చి అక్షరాలు ఉన్నాయి. మొదట తాగి కొట్టావనుకున్నాను. తర్వాత హాల్వర్ టైపు మిషను ముందు కూర్చుని, రెండు చేతులూ ఒక మీట పక్కకు జరిపి ఆ వరుసే కొట్టి చూశాను. చదవగలిగాను. "మొన మీద రంగు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు వదినా."

నీ పాత ఉత్తరాలన్నీ తీసి మళ్ళీ చదివాను. ఎదురుగా బొమ్మ ఉన్నవాడికి రంగు ఉందని ఒకరు చెప్పడమేమిటి? తన కాగితం మీద ఒక వరుసంతా పిచ్చి అక్షరాలు పడితే కళ్ళున్నవాడు కొట్టెయ్యడా? గడియారం లెక్కన మాటల్లో రాయమన్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. ఎన్నాళ్ళ నుంచి ఎయినార్? నేను నిన్ను అన్న మాటలన్నీ ఎవరో పరాయి మనిషి గొంతులో విన్నావే. అది తలచుకుంటే సిగ్గుతో చస్తున్నాను.

ఇప్పుడు విను. బొమ్మలు పంపడం ఇక మానేస్తున్నాను. ఈ పార్సిలులో ఒక్కో డబ్బాలోంచి కాల్చిన ఖాళీ గుల్లలు ఉన్నాయి, మెడకు కట్టిన దారం ముడులే డబ్బా నంబరు. అక్షరాలు ఇత్తడిలో లోతుగా ఉన్నాయి. నీ బొటనవేలు ఇంకా పని చేస్తోందిగా? మొనల రంగులు నేను మాటల్లో రాస్తాను. మీ అన్నమీద ఒట్టు, ఒక్క రంగూ వదలను.

ఇంకొకటి. మంచు తుఫానులో దారి తప్పకుండా ఇంటి గుమ్మం నుంచి కొట్టం దాకా తాడు కడతామే, ఈసారి దాన్ని ఎండాకాలంలోనే కట్టాను. గుమ్మం నుంచి కొట్టం దాకా, అక్కణ్ణుంచి కాల్చే బల్ల దాకా. ఊరివాళ్ళు అడిగితే "మా మరిది వస్తున్నాడు" అంటున్నాను. నన్ను అబద్ధాలకోరును చెయ్యకు.

సిగ్రిడ్

*

యూమా
ఆగస్టు 1994

వదినా,

ఇది కన్సుయెలో గారు రాస్తున్నారు, నేను చెబుతుంటే. పక్క ట్రైలరు ఇంట్లో ఉంటారు. నీ ఉత్తరం చదువుతూ ఆవిడ మూడుసార్లు ముక్కు చీదారు. చివరికి నన్ను స్పానిష్‌లో తిట్టారు. నాకు అర్థమైనవి రాయడం లేదు.

రెండేళ్ళయింది. నడిమధ్య పూర్తిగా చీకటి. అంచుల్లో వెలుగూ నీడా తెలుస్తాయి. ఊపిరితిత్తులు గుర్రానికున్నంత బాగున్నాయి. డాక్టరు పేరు చెప్పి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను.

ఫిబ్రవరిలో ఎందుకు రాలేదో విను. అన్న పెట్టె మోసే ఆరుగురిలో నేనొకణ్ణి కావాలి కదా. మన చర్చి మెట్లు నీకు తెలుసు, మంచు గడ్డకట్టి అద్దంలా ఉంటాయి. నేను తడబడితే అన్న అందరి ముందూ కింద పడతాడు. ఆ భయంతో నిద్ర పట్టలేదు. కళ్ళు లేవని చెబితే సరిపోయేది. చెప్పలేకపోయాను. చిన్నప్పటి నుంచి ఆ ఊళ్ళో నాకున్న పేరల్లా ఒకటే, బ్రెకె ఇంటి చిన్నోడి కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోదని. అది కూడా పోతే నేనెవరిని?

గుల్లలు అందాయి. మూడు ముడులది తుర్కీ. బొటనవేలికి నెలవంక అందగానే అన్న గొంతు వినబడింది వదినా, "ఏ ఏడుదిరా చిన్నోడా?" అని. ఒక ముడిదీ, రెండు ముడులదీ రుమేనియా. నాలుగు ముడులది బెల్జియం, మెడ తడిమితే చీలిక తగులుతోంది, ఆ డబ్బా మొత్తం పారెయ్యి. అయిదు ముడులదేదో నీకూ డెల్మర్ గోధుమకూ బాగా తెలుసు. దాన్ని మంచు పడేదాకా ముట్టుకోకండి.

చివరి అయిదూ తుర్కీవి తియ్యి. అన్నకు అవంటేనే ఇష్టం, తన్నినా సరే.

వస్తున్నాను. గుడ్డి కన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత! గురి తప్పితే నవ్వమను.

ఎయినార్

నా మాట కూడా ఒకటి. నేను కూడా వస్తున్నాను, ఇతన్ని బస్సులో ఒంటరిగా వదలను. ఆ బొమ్మలో ఆకుపచ్చ నాకు కనబడింది. పెన్సిలు రంగే కదా, చెప్పేదేముంది అనుకున్నాను. క్షమించండి. మొక్కజొన్న పిండి తమాలీలు వండి తెస్తాను. - కన్సుయెలో

*

యూమా
అక్టోబరు 1994

వదినా,

క్షేమంగా చేరాం. కన్సుయెలో గారు దారి పొడుగునా నీ ఆపిల్ పై గురించే మాట్లాడారు.

ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. కళ్ళున్నవాళ్ళకి అడగాల్సిన అవసరం ఉండదు. ఆ ఆదివారం మొదటి నాలుగు గుండ్లూ ఎటు పోయాయో దేవుడికి తెలుసు, గురి కోసం వేలాడదీసిన ఇనప పళ్లెం ఒక్కసారీ మోగలేదు. అయిదోది టక్కుమంది. ఆగాను. అప్పుడు పేలింది. పళ్లెం ఖంగుమంది. అందరూ అరిచారు. ఎవరో నా వీపు విరగ్గొట్టారు, చెయ్యి బరువు చూస్తే డెల్మరే.

నిజం చెప్పు. పళ్లెం నా గుండుకే మోగిందా? డెల్మర్ రాయి విసిరాడా? లేకపోతే పళ్లేన్ని దగ్గరికి జరిపారా? గుడ్డివాణ్ణి కదా అని జాలితో చేసి ఉంటే తప్పుపట్టను. కానీ అన్న చివరి తూటా గురించి నాకు అబద్ధం వద్దు.

ఎయినార్

*

విలో బెండ్
అక్టోబరు 1994

ఎయినార్,

కన్సుయెలో గారూ, ఇది నెమ్మదిగా చదవండి.

నువ్వు చూడలేనిది చూసినట్టు రాస్తాను. నీ వెనక నేను స్టూలు మీద కూర్చుని, గొట్టం వెంట చూస్తూ ఎడమ, కుడి, కొంచెం కింద అని చెబుతున్నాను. నా వెనక క్లబ్బంతా టోపీలు తీసి నిలబడింది. పళ్లేన్ని దగ్గరికి జరుపుదామని డెల్మర్ అన్న మాట నిజమే. "హాల్వర్ కొట్టిన దూరంలోనే ఉంటుంది" అన్నాను. జరపలేదు. రాయి కూడా ఎవరూ విసరలేదు. అప్పుడు డెల్మర్ రెండు చేతుల్లోనూ తమాలీలే ఉన్నాయి.

నాలుగు గుండ్లూ పైనుంచి పోయాయి. నాలుగూ ఒక్కలాగే, పళ్లెం మీద జానెడు ఎత్తులో. తప్పు నాది. నా కళ్ళజోడులోంచి చూస్తే అంతే అనిపించింది. అయిదోదానికి కూడా నేను అలాగే చెప్పాను. నువ్వు అలాగే పెట్టావు. నొక్కావు. టక్కుమంది.

మిగతావాళ్ళంతా అయ్యో అన్నారు. ఎవరో "చచ్చిన తూటా" అన్నారు. నువ్వు కదల్లేదు. భుజం దించలేదు, వేలు తియ్యలేదు. కానీ ఆ ఒక్క ఊపిరి తీసేంతలో బరువుకి నీ చెయ్యి కొంచెం వాలింది. గొట్టం మొన ఒక వెంట్రుకంత కిందికి దిగింది. నా కళ్ళారా చూశాను. అప్పుడు పేలింది.

అది సమయానికి పేలి ఉంటే మిగతా నాలుగింటిలాగే పైనుంచి పోయేది. ఆలస్యం అయింది కాబట్టే తగిలింది. నీ గొప్ప లేదు, నా గొప్ప లేదు. ముసలి తూటా తనకు తోచినప్పుడు పలికింది, నువ్వు అప్పటిదాకా దించకుండా పట్టుకుని ఉన్నావు. అంతే నిజం. ఆలస్యం అమృతం విషం అంటారు కానీ, అన్నిసార్లూ కాదు.

నువ్వు ఫిబ్రవరిలో రాలేదని నాకున్న కోపం కూడా ఆ చప్పుడుతోనే పోయింది. ఇది నీకు ఎదురుగా చెప్పాలనుకున్నాను, చెప్పకుండానే బస్సు ఎక్కించాను.

నిన్న మొదటి మంచు పడింది. డెల్మర్ వచ్చి, "మీ మరిది వెళ్ళిపోయాడుగా, కాల్చే బల్ల దాకా కట్టిన ఆ తాడు విప్పెయ్యనా?" అన్నాడు.

ఉండనీ అన్నాను. అయిదు ముడుల డబ్బా ఇంకా నిండుగానే ఉంది. మంచు పడేదాకా ముట్టుకోవద్దన్నావుగా, ఇప్పుడు పడింది. క్రిస్మస్‌కి ఇద్దరూ రండి. ఆ నిప్పు గీత అంచుల్లోనైనా నీకు కనబడుతుందేమో చూద్దాం.

మీ వదిన
సిగ్రిడ్